కారు షెడ్డు గుత్తకిచ్చెయ్యాలా, దగ్గరుండి కట్టించుకోవాలా: మా రెండిళ్ళ లెక్కలు

కారు కొన్నాక ఏడాదిన్నర రోడ్డు మీదే పెట్టా. పైన మామిడిచెట్టు బంక, మధ్యాహ్నం కోతులు, ఎండాకాలం స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుద్ది. ఇంటి పక్కన జాగా ఖాళీగానే ఉంది కాబట్టి షెడ్డు వేద్దాం అనుకున్నాం. రేకుల షెడ్డయితే వెల్డింగ్ అతను నాలుగు రోజుల్లో నిలబెట్టి పోతాడు, ఈ పోస్టు రాయాల్సిన పనే ఉండేది కాదు. మా ఆవిడేమో రేపు పైన ఒక గది వేసుకోవచ్చు కదా, స్లాబే వేద్దాం అంది. ఇంక అక్కడి నుంచి పునాదులు, పిల్లర్లు, స్లాబు ఆనడానికి కింద చెక్కలు కొట్టే సెంట్రింగు, మేస్త్రీలు, అంటే చిన్న సైజు ఇల్లే అనుకోండి.

అదే టైమ్‌లో కోదాడలో మా బావగారు కూడా దాదాపు అదే కొలతలతో షెడ్డు కట్టించారు. ఆయన మొత్తం మెటీరియల్‌తో సహా కాంట్రాక్టుకి ఇచ్చేశారు, నేను ఖమ్మంలో లేబర్ మాత్రం గుత్తకి మాట్లాడుకుని సామాను నేనే తోలించుకున్నా. ఇద్దరం తిట్టుకున్నాం, ఇద్దరికీ డబ్బులు పోయాయి, కాకపోతే వేరే వేరే చోట్ల. ఆఫీసులో ముగ్గురు నలుగురు ఇదే అడుగుతుంటే ప్రతిసారీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

ముందు పద్ధతుల సంగతి. ఒకటి మెటీరియల్ కాంట్రాక్టు, అంటే చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడేసి తాళం చెవి తీసుకోవడమే, కింద నేను ఉత్తగా గుత్తకివ్వడం అంటే ఇదే. రెండోది లేబర్ కాంట్రాక్టు, సిమెంటు ఇసుక ఇనుము అన్నీ మీవి, పని మేస్త్రీది, అదీ చదరపు అడుగు లెక్కే. మూడోది రోజు కూలి, పొద్దున్నే అడ్డా మీదకెళ్ళి ఇద్దరు మేస్త్రీలని, నలుగురు కూలీలని తెచ్చుకోవడం. రోజు కూలి పద్ధతి స్లాబు పనికి పెట్టుకోవద్దు, ప్రహరీ గోడ, గేటు దిమ్మెలు, చిన్న రిపేర్లు వీటికి ఓకే. రోజు కూలి అయితే పని సాగుద్ది, ఏ గుత్త అయినా పని పరిగెడుద్ది, రెండూ ఇబ్బందే గానీ మొదటిది మరీ ఇబ్బంది. కాబట్టి అసలు పోటీ మొదటి రెండిటి మధ్యే.

డబ్బుల లెక్క చెప్తా, అందరూ ముందు అడిగేది అదే కదా. మాది 12 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు, అంటే 264 చదరపు అడుగులు, ఆరు పిల్లర్లు. మెటీరియల్‌తో కలిపి మాకు చెప్పిన రేటు అడుగుకి 2,100, అంటే 5,54,400. షట్టరు, కింద బండలు అందులో లేవు. చిన్న పని కదా రేటు తగ్గిద్ది అనుకుంటారు, రివర్సు. మిక్సరూ సెంట్రింగు సామానూ చిన్న పనికైనా పెద్ద పనికైనా సైటుకి రావాల్సిందే, అందుకని చిన్న పనికి అడుగు రేటు ఎక్కువే పడిద్ది.

నేను కట్టించినప్పుడు లేబరు అడుగుకి 450 చొప్పున 1,18,800, సెంట్రింగు అందులోనే. సిమెంటు 140 బస్తాలు 330 లెక్కన 46,200. ఇనుము 1,250 కిలోలు కిలో 60కి 75,000. ఇసుక 28,000, కంకర 22,000, ఇటుక 24,000, లోపల నింపడానికి మొరం 12,000, కరెంటు పైపులూ వైర్లూ 18,000. డ్రాయింగు, బైండింగ్ వైరు, మేకులు, నీళ్ళ ట్యాంకర్లు, స్లాబు రోజు భోజనాలు, మేస్త్రీకి బట్టలు, ఇలా చిల్లర అనుకున్నవన్నీ కలిపితే 31,000 తేలింది. మొత్తం 3,75,000. ఆ పైన నా తప్పుల ఖాతా ఒక 26,000, దాని గురించి కింద చెప్తా. అంటే 4,01,000. షట్టరు, బండలు ఇందులోనూ లేవు. ఇవి 2024 చివర, 2025 మొదట్లో మా దగ్గర నేను కట్టిన రేట్లు, మీ ఊళ్ళో అడుక్కోండి. అప్పుడు సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గించారు.

లక్షన్నర మిగిలింది అని నేను చాలా రోజులు అందరికీ చెప్పుకు తిరిగా. తర్వాత ఒకరోజు మా ఆవిడ కూర్చుని నేను పెట్టిన సెలవులు లెక్కేసింది, 19 రోజులు. నా ఒక రోజు జీతం 2,400 అనుకుంటే 45,600 అక్కడే పోయింది. మిగిలింది లక్షా ఏడువేల ఎనిమిదొందలు. దానికి అయిదు నెలలు, పొద్దున ఆరింటికి లేవడం, ఆదివారాలు హార్డ్‌వేర్ షాపుల్లో నిలబడటం. అంటే నేను డబ్బులు మిగల్చలేదు, కాంట్రాక్టర్ ఉద్యోగం నేను చేసి ఆ జీతం తీసుకున్నా, అంతే. ఇది అర్థమయ్యాకే నాకు ఈ పోలిక సరిగ్గా కనపడింది. కాంట్రాక్టర్ లాభం తింటున్నాడు అని మనం అంటాం, ఆ లాభంలో ఎక్కువ భాగం ఫోన్లు చేసినందుకు. మీరు ఆ ఫోన్లు చెయ్యగలరా లేదా అన్నదే ప్రశ్న.

ఏం ఫోన్లు అంటారా, ఇదిగో. స్లాబుకి ముందు సెంట్రింగ్ వాళ్ళు చెక్కలు కొట్టాలి, తర్వాత రాడ్‌బెండర్ కడ్డీ కట్టాలి, కడ్డీ కట్టాక కాంక్రీటు పోసే ముందు ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు, ఫ్యాన్ డబ్బా పెట్టాలి, అప్పుడు పోత. నాకు ఇది తెలుసు, పేపరు మీద రాసుకున్నా కూడా. అయినా ఎలక్ట్రీషియన్‌కి చెప్పడం మర్చిపోయా! పోత రేపు అనగా రాత్రి పదింటికి గుర్తొచ్చింది. అతను పెళ్ళిలో ఉన్నాడు. బతిమాలితే తెల్లారి అయిదున్నరకి వచ్చాడు, సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని కడ్డీల మధ్య పైపులు దూర్చాడు, కింద మిక్సర్ అతను ఇంజను స్టార్ట్ చేసి బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. ఆ కంగారులో షట్టర్ దగ్గర లైటు పాయింటు పెట్టలేదు, ఇప్పటికీ అక్కడ వైరు గోడ మీద కేసింగ్‌లోనే పోతుంది. కాంట్రాక్టర్‌కి ఇచ్చుంటే ఇది అతనికి నూటయాభయ్యో స్లాబు, మర్చిపోడు. మనకి మొదటిదీ చివరిదీ ఇదే.

ఇంకో పెద్ద తప్పు ర్యాంపు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఏటి వరద చూసినోళ్ళకి తెలుసు, ఆ తర్వాత ఖమ్మంలో ఎవరు ఏం కట్టినా బేస్‌మెంటు ఎత్తే మాట్లాడారు. నేను కూడా అడుగున్నర లేపమన్నా. బానే ఉంది, కానీ కారు ఎక్కాలి కదా. అడుగున్నర ఎత్తుకి కారు హాయిగా ఎక్కాలంటే కనీసం 12 అడుగుల ర్యాంపు కావాలి, నాకు గేటు లోపల ఉన్నది 8 అడుగులు. మేస్త్రీ ఏమీ అనలా, పోసేశాడు. మొదటి రోజే బండి ముందు బంపరు కింద గీసుకుంది. పగలగొట్టి, లోపల గచ్చు వాలు మార్చి, మళ్ళీ పోయించేసరికి ఆ 26,000లో చాలా భాగం దానికే పోయింది. మిగతాది ముందే ఎక్కువ తెచ్చిపెట్టుకుని చెమ్మకి గడ్డకట్టిన 11 బస్తాల సిమెంటు, ఇంకా చిల్లర తప్పులు. ఇక్కడ మేస్త్రీని తిట్టలేం, లేబర్ కాంట్రాక్టులో అతను చెప్పింది చేస్తాడు. డిజైన్ తప్పు మీదే. కాంట్రాక్టర్ అయితే కనీసం తిట్టడానికి ఒక మనిషి ఉంటాడు, మళ్ళీ పోయడం కూడా అతని ఖర్చే, అంటే కాగితం మీద సరిగ్గా రాసుకుంటే.

ఆ రాసుకోవడం గురించే బావగారి కథ. ఆయన వారమంతా హైదరాబాద్‌లో ఉంటారు, శనివారం రాత్రికి కోదాడ వస్తారు. కాబట్టి గుత్తకివ్వడం తప్పు కాదు, నేనయినా అదే చేసేవాణ్ణి. తప్పేంటంటే మిగతా ఇద్దరూ 2,100 చెప్తే ఒకతను 1,950 అన్నాడని అతనికిచ్చారు, ఒప్పందం అంతా ఒక డైరీ పేజీలో. దాంట్లో ఉన్నది మొత్తం నాలుగు లైన్లు: రేటు, అడ్వాన్సు, స్లాబుకి ఇంత, ఫినిషింగ్‌కి ఇంత. మొరం ఎవరిది, నీళ్ళ ట్యాంకరు ఎవరిది, పునాది అనుకున్నదానికంటే లోతుకెళ్తే ఎవరిది, గోడ బయటికి వచ్చే సజ్జా కొలతలో వస్తదా రాదా, ఏమీ లేదు. ఆయనది నల్లరేగడి, నాలుగడుగులు అనుకున్నది ఆరడుగులు తవ్వాల్సొచ్చింది, అది ఎక్స్‌ట్రా. సజ్జా ఎక్స్‌ట్రా. మెట్ల కోసం పిల్లర్ దగ్గర కడ్డీలు వదలమంటే అదీ ఎక్స్‌ట్రా. చివరికి లెక్క ఆరు లక్షల పైన తేలింది.

దానికంటే పెద్ద తప్పు, స్లాబు పడేసరికి 80 శాతం డబ్బులు ఇచ్చేశారు. ఇంక అతనికి మిగిలింది ప్లాస్టరింగు, ఫినిషింగు, అంటే పని ఎక్కువ డబ్బులు తక్కువ. రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు, వేరే సైటు మొదలుపెట్టుకున్నాడు. అతను మోసగాడు అని నేను అనను, ఎవరైనా అంతే చేస్తారు, చేతిలో డబ్బు లేకపోతే మాట కూడా ఉండదు. అందుకే గుత్తకిచ్చేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎప్పుడైనా సరే అతను చేసిన పని మీరిచ్చిన డబ్బు కంటే కొంచెం ముందుండాలి. మొదట 10 శాతం మించి ఇవ్వొద్దు, తర్వాత ప్రతి దశా అయ్యాక మాత్రమే, చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచాక. స్లాబు కురుస్తుందో లేదో వానే చెప్తది, కాంట్రాక్టర్ చెప్పడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నతను అయితే 18 శాతం రేటులో కలిసుందా, పైన వేస్తాడా అన్నది మొదటి రోజే అడగండి, అయిదు లక్షల మీద అది 90 వేలు, చివరి బిల్లులో చూసి గుండె పట్టుకోవద్దు.

సామాను నాణ్యత దగ్గరకొస్తే జనం చెప్పేది నిజమే, మనం తెచ్చుకుంటే ఏం పడుతుందో మనకి తెలుస్తది. కానీ తెలియడానికి మనకి కొన్ని లెక్కలు రావాలి. ఇనుముకి ఒక చిన్న సూత్రం ఉంది, కడ్డీ మందం మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే ఒక మీటరు బరువు కిలోల్లో వస్తది. 12 ఎంఎం కడ్డీ 12 మీటర్లది పది కిలోల ఆరొందల యాభై గ్రాముల దగ్గర ఉండాలి, 8 ఎంఎం అయితే నాలుగు కిలోల ఏడొందలు. బాగా తగ్గితే షాపతన్ని అడగండి. ఇసుక తడిగా ఉంటే పొంగి పావు వంతు దాకా ఎక్కువ కనిపిస్తది, ట్రక్కు నిండుగా ఉందని మురిసిపోకండి, ఎండినాక దిగిద్ది. ఇవి చూసుకునే ఓపిక లేకపోతే మీరు తెచ్చినా కాంట్రాక్టర్ తెచ్చినా తేడా ఏం లేదు, ఇంకా మీకు షాపతను రేటు ఎక్కువేస్తాడు, ఎందుకంటే మీరు మళ్ళీ రారు.

స్లాబు రోజు మాత్రం ఏ పద్ధతి అయినా మీరు అక్కడుండాలి. హైదరాబాద్‌లో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా, ఆ ఒక్క రోజు సెలవు పెట్టి రండి. మా పోతలో ఏం జరిగిందో చెప్తా. 5 అంగుళాల స్లాబు, బీములు కలిపి 34 బస్తాలు పట్టిద్దని ఇంజనీర్ చెప్పాడు. మేస్త్రీ 28 చాలు సార్ అన్నాడు. నేను కుర్చీ వేసుకుని ఖాళీ సంచులు నా కాళ్ళ దగ్గర వెయ్యమన్నా, సాయంత్రానికి 36 లెక్క తేలాయి. అది ఒకటి. రెండోది నీళ్ళు. ఎం20 అనే రకం కాంక్రీటు మామూలుగా కలపడానికి సిమెంటు బస్తాకి 30 లీటర్లు మించొద్దని కాంక్రీటు కోడ్ పుస్తకంలో ఉంటది. మిక్సర్ దగ్గర కూలీ బకెట్టుతో కొడుతూనే ఉన్నాడు, పలచగా ఉంటే గమేళాలో తేలిగ్గా జారిద్ది కదా, మోసేవాళ్ళ బాధ అది. నేను అడ్డం పడితే మేస్త్రీ "ఇరవై ఏళ్ళ నుంచి ఇట్నే పోస్తున్నం సార్, ఒక్క స్లాబు పడ్డదా చెప్పుండ్రి" అన్నాడు. పడదు నిజమే, కురుస్తది. మూడోది కడ్డీ కింద కవర్ బ్లాకులు, అంటే కడ్డీ చెక్కకి ఆనకుండా పెట్టే చిన్న దిమ్మలు. వాటి బదులు వాళ్ళు కంకర రాళ్ళు దూర్చుతారు, పైన మనిషి నడవగానే అవి జారిపోయి కడ్డీ చెక్కకి ఆనిద్ది, నాలుగేళ్ళకి కింద పెచ్చులూడి తుప్పు కడ్డీ కనపడిద్ది. 20 ఎంఎం కవర్ బ్లాకులు ఒక సంచీ మీరే కొనుక్కెళ్ళండి, వాటి ఖరీదు ఆ రోజు టీల ఖర్చంత కూడా ఉండదు.

పోత అయ్యాక తొమ్మిదో రోజు సెంట్రింగ్ అతను చెక్కలు ఊడదీస్తానని వచ్చాడు, వేరే సైటుకి కావాలంట. స్లాబు వరకైతే మా కొలతకి ఏడు రోజులు చాలు గానీ బీముల కింద పోట్లు, అంటే ఆపుగా పెట్టిన నిలువు కర్రలు, 14 రోజులు ఉండాలి. గొడవపడి ఆపా. బావగారి సైటులో పదో రోజు ఎవరూ లేనప్పుడు ఊడదీసేశారు. ఏమీ కాలేదు, కాలేదు కాబట్టి అది సరైనదే అని ఆయన కాంట్రాక్టర్ వాదన. స్లాబు గట్టిపడటానికి నీళ్ళు కొట్టడం కూడా అంతే, గుత్తకిస్తే మూడో రోజు నుంచి ఎవడూ రాడు, మా ఇంట్లో మా ఆవిడ స్లాబు మీద మడులు కట్టించి రెండు వారాలు పొద్దున సాయంత్రం నింపింది. సొంతంగా కట్టించడంలో నాకు నిజంగా గెలుపు అనిపించింది ఈ ఒక్క చోటే.

టైము గురించి కూడా చెప్పాలి. కాంట్రాక్టర్ రెండున్నర నెలలు అన్నాడు, నాకు నవంబర్ నుంచి మార్చి దాకా పట్టింది. సెంట్రింగ్ కుర్రాళ్ళు బీహార్ వాళ్ళు, ఛఠ్ పండక్కి వెళ్ళి నెలాఖరుకి వచ్చారు. సంక్రాంతికి మేస్త్రీ ఊరెళ్ళాడు. జనవరి ఫిబ్రవరిలో మిరపకాయల ఏరుడు మొదలైతే మా చుట్టుపక్కల కూలీ దొరకడం కష్టం, ఆడకూలీలు అందరూ ఆటోల్లో చేలకి పోతారు, ఇటుక అందించే మనిషి లేక మేస్త్రీ వెనక్కి వెళ్ళిన రోజులున్నాయి. కాంట్రాక్టర్‌కి నాలుగు సైట్లు ఉంటాయి, ఒక దాంట్లో నుంచి ఇంకో దాంట్లోకి మనుషుల్ని మారుస్తాడు, మనకి ఆ వెసులుబాటు ఉండదు.

పర్మిషన్ విషయంలో మాత్రం రెండూ ఒకటే, కాగితాలు ఇంటి ఓనర్ పేరు మీదే. సెట్‌బ్యాక్ అని ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో షెడ్డు వేస్తే నోటీసు మీకొస్తది, కాంట్రాక్టర్‌కి రాదు. "అందరూ కడుతున్నారు కదా సార్" అనేవాడి మాట వినొద్దు. వాస్తు పట్టింపు ఉంటే అది కూడా పునాది కొలతలకి ముగ్గు పోయకముందే తేల్చుకోండి. మా అత్తగారి పంతులు వాయువ్యం అన్నాడు, మా నాన్నగారి పంతులు ఆగ్నేయం అన్నాడు, ఈశాన్యం వద్దని ఇద్దరూ ఒప్పుకున్నారు, అక్కడ మాకు ఎలాగూ బోరు ఉంది కాబట్టి సరిపోయింది.

దెబ్బలు తగిలితే ఎవరిది బాధ్యత అన్నది ఎవరూ ముందు ఆలోచించరు. మా దగ్గర ఒక కూలీ సెంట్రింగ్ మేకు తొక్కింది, బండి మీద కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్ళి ఇంజక్షన్ వేయించి నాలుగు రోజుల కూలి ఇచ్చా. మేకుతో సరిపోయింది. పరంజా మీద నుంచి పడితే? లేబర్ గుత్త అయినా వాళ్ళు మీ గుమ్మం ముందుకే వస్తారు, రావడం న్యాయం కూడా. గుత్తకిస్తే ఈ సంగతి కాగితంలో రాయించుకోండి.

ఇంతకీ ఎవరు ఏది చెయ్యాలంటే, నా అభిప్రాయం ఇది. ఊళ్ళోనే ఉండి, సైటు ఇంటి పక్కనే అయ్యి, రోజూ పొద్దున అరగంట సాయంత్రం అరగంట నిలబడగలిగి, ఫోన్లు చెయ్యడానికి చిరాకు పడనివాళ్ళు లేబర్ కాంట్రాక్టుకి వెళ్ళండి. దాంతోపాటు ఒక సివిల్ ఇంజనీర్‌ని డ్రాయింగుకే కాకుండా నాలుగుసార్లు సైటుకి వచ్చేలా మాట్లాడుకోండి: ముగ్గు పోసేటప్పుడు, పునాది కడ్డీ కట్టాక, స్లాబు కడ్డీ కట్టాక, ర్యాంపు పోసే ముందు. మా దగ్గర దానికి పది పదిహేను వేలు అడుగుతారు. నేను ఆ పది వేలు దాచుకుని ర్యాంపులో పోగొట్టుకున్నా.

వేరే ఊళ్ళో ఉద్యోగం, లేకపోతే అమెరికాలో ఉండి ఇక్కడ కట్టిస్తున్నవాళ్ళు మారుమాట్లాడకుండా గుత్తకివ్వండి, రేటు తక్కువ చెప్పినతనికి కాదు, ఆయన కట్టి రెండేళ్ళయిన ఇల్లు మీకు చూపించగలిగినతనికి. ఆ ఇంటివాళ్ళతో మీరు విడిగా మాట్లాడండి. అదే ఇంజనీర్ చెకింగ్ అక్కడా పెట్టండి, కాంట్రాక్టర్ మనిషి కాకుండా మీ మనిషి. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు, "నాన్న చూసుకుంటాడులే" అని డెబ్భై ఏళ్ళ ఆయన్ని ఎండలో నిలబెట్టొద్దు. మా సందులోనే ఒకాయన కొడుకు వీడియో కాల్‌లో అడుగుతుంటే ఫోన్ పట్టుకుని నిచ్చెన ఎక్కడం నేను చూశా, ఆయన కింద పడలేదు గానీ చూసిన నాకు కాళ్ళు వణికాయి.

బావగారిని మొన్న అడిగా, మళ్ళీ అయితే ఎలా కట్టిస్తారు అని. "గుత్తకే ఇస్తా, కానీ ఈసారి నాలుగు లైన్లు కాదు, నాలుగు పేజీలు రాయిస్తా" అన్నారు. మేం వచ్చే దసరా తర్వాత పైగది మొదలుపెడుతున్నాం, అదే మేస్త్రీ, అదే లేబర్ గుత్త. ఎలక్ట్రీషియన్‌కి మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా, ఆ నెలలో వాళ్ళింట్లో పెళ్ళిళ్ళేమన్నా ఉన్నాయా అని కూడా అడిగా.